జాక్ తాతీ సంపూర్ణ బ్లూ-రే పెట్టె: బెంగళూరులో కొనేవాళ్లకు

మేటి సినిమాలను డిస్కులుగా తెచ్చే అమెరికా సంస్థ క్రైటీరియన్, ఫ్రెంచి హాస్య దర్శకుడు, నటుడు జాక్ తాతీ సినిమాలన్నీ కలిపి 2014 అక్టోబరులో తెచ్చిన ‘ద కంప్లీట్ జాక్ తాతీ’ బ్లూ-రే పెట్టెకు డబ్బు కట్టేముందు, అట్ట వెనక ఉండే చిన్న గుర్తు చూడండి. ‘ఏ’ అని ఉంటుంది. అది అమెరికా ఖండాలు, జపాన్, కొరియాల రీజియన్. బ్లూ-రే లెక్కలో మన దేశం ‘సి’. అంటే ఇక్కడి షోరూంలో కొన్న మామూలు ప్లేయర్‌లో పెడితే సినిమాకు బదులు రీజియన్ సరిపోదన్న సందేశం కనిపిస్తుంది. డిస్కు పాడై వచ్చిందనుకుని వెనక్కి పంపేవాళ్లూ ఉంటారు. డిస్కూ బాగానే ఉంటుంది, ప్లేయరూ బాగానే ఉంటుంది, ఆ రెండింటికీ పొత్తు కుదరదంతే. ఇంగ్లండులో అమ్మే తాతీ డిస్కులు తెప్పించుకున్నా ఇదే చిక్కు, అవి ‘బి’. 4కె ప్లేయర్ ఉంది కదా అని ధీమా పడకండి. 4కె డిస్కులకే రీజియన్ అడ్డు లేదు, ఆ ప్లేయర్‌లో మామూలు బ్లూ-రే పెడితే అడ్డు అలాగే ఉంటుంది.

దారులు మూడున్నాయి. మొదటిది అన్ని రీజియన్లూ ఆడే ప్లేయర్ కొనడం. ఎస్పీ రోడ్డులో అడిగినా, ఆన్‌లైన్‌లో చూసినా ‘రీజియన్ ఫ్రీ’ అన్న మాట ఒక్కటీ విని సంతోషించకూడదు. చాలాసార్లు ఆ మాట డీవీడీల వరకే. బ్లూ-రేకి కూడా ఏ, బి, సి మూడూ ఆడతాయా అని విడిగా అడగాలి, వీలైతే ‘ఏ’ డిస్కు ఒకటి తీసుకెళ్లి అక్కడే ఆడించి చూడాలి. రెండోది, అమెరికాలో ఉన్న బంధువులెవరైనా వచ్చేటప్పుడు అక్కడి ప్లేయర్ తెప్పించుకోవడం. ప్లేయర్ వెనక లేబుల్ మీద 100–240 వోల్టులని ఉంటే ప్లగ్గు మార్చే అడాప్టర్ చాలు. 120 వోల్టులని మాత్రమే ఉంటే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా మన 230 వోల్టుల సాకెట్‌లో పెట్టకూడదు, పవర్ సప్లై కాలిపోతుంది. మూడోది అన్నిటికంటే చవక: యూఎస్‌బీ బ్లూ-రే డ్రైవు, కంప్యూటర్‌లో డబ్బు పెట్టి కొన్న ప్లేయర్ సాఫ్ట్‌వేర్. బ్లూ-రేకి రీజియన్ తనిఖీ చేసేది ఆ సాఫ్ట్‌వేరే. రీజియన్‌ను కొన్నిసార్లే మార్చనిస్తుంది కాబట్టి ‘ఏ’లో పెట్టి ఇక ముట్టుకోకండి. డ్రైవును హబ్‌కి కాకుండా నేరుగా ల్యాప్‌టాప్‌కే తగిలించాలి. కరెంటు చాలకపోతే డిస్కు తిరగడం మొదలుపెట్టి, ఆగి, మళ్లీ మొదలుపెడుతూ ఉంటుంది.

ఇంత తంటా పడేందుకు తగినంత సరుకు ఈ పెట్టెలో ఉందా అంటే, ఉంది. ఏడు డిస్కులు. తాతీ తీసిన పెద్ద సినిమాలు ఆరూ ఉన్నాయి: ‘జూర్ ద ఫెత్’ (1949), ‘ఉలోగారి సెలవులు’ (1953), ‘మొన్ ఓంక్ల్’ (1958), ‘ప్లేటైమ్’ (1967), ‘ట్రాఫిక్’ (1971), ‘పరేడ్’ (1974). వీటితోపాటు ఆయన నటించినవీ తీసినవీ, కూతురు సోఫీ తీసినదొకటీ కలిపి ఏడు లఘుచిత్రాలు. మ్యూజిక్ హాళ్లలో ఆటగాళ్లను, ప్రేక్షకులను ఒంటితోనే అనుకరించి పేరు తెచ్చుకున్న మనిషి, సినిమాకి వచ్చి, పాతికేళ్లలో పెద్ద సినిమాలు ఆరే తీశాడు. వాటిలో నాలుగింటిలో ఆయనే వేసిన పాత్ర పేరు ఉలో. మొత్తం పని ఒకే పెట్టెలో పట్టే దర్శకులు అరుదు. ఇక్కడ అది పట్టింది.

ఫ్రెంచి హాస్యం దేశాలు దాటిన తీరు గమనిస్తే తాతీ దారి వేరని తెలుస్తుంది. హాస్యనటుడు లూయి ద ఫ్యునేస్ సంగతి చూడండి. ఆయన నటించగా జెరార్ ఊరీ 1966లో తీసిన ‘లా గ్రాంద్ వాద్రూయ్’కి ఫ్రాన్సులో కోటీ డెబ్బై లక్షలకు పైగా టికెట్లు తెగాయి. ఫ్రెంచి సినిమాల్లో ఆ రికార్డును 2008 దాకా ఏదీ దాటలేదు. జర్మనీలోనూ సోవియట్ దేశంలోనూ ద ఫ్యునేస్‌కు జనం బ్రహ్మరథం పట్టారు. ఇంగ్లీషు మాట్లాడే దేశాల్లో మాత్రం ఆయన పేరు పెద్దగా వినపడదు. కారణం డబ్బింగ్. ఆయన గుక్క తిప్పుకోకుండా చేసే రుసరుసను జర్మన్లు, రష్యన్లు తమ భాషలో విన్నారు. ఇంగ్లీషు ప్రేక్షకుడికి దక్కింది సబ్‌టైటిల్. అంత వేగం కింద అచ్చులో పరుగెడుతుంటే ముఖం చూడాలో అక్షరం చూడాలో తెలియదు. డబ్బింగ్ సినిమాల మీద పెరిగిన మనకి ఇది విడమరచి చెప్పక్కర్లేదు.

రెండో దారి రీమేక్. 1985లో వచ్చిన ‘ముగ్గురు మగాళ్లు, ఒక ఉయ్యాల’ కథను హాలీవుడ్ 1987లో మళ్లీ తీసింది. 1978 నాటి ‘లా కాజ్ ఓ ఫోల్’ 1996లో అమెరికా చేరింది. మన దగ్గర 2016లో నాగార్జున, కార్తి చేసిన ‘ఊపిరి’కి మూలం 2011 నాటి ఫ్రెంచి సినిమా. ఈ దారిలో కథ వస్తుంది. నటుడు, మాట, వీధి, తిండి అన్నీ అక్కడే ఉండిపోతాయి.

తాతీకి రెండూ అవసరం పడలేదు. ఆయన సినిమాల్లో మాట ఉంటుంది గానీ అది తలుపు కిర్రు, చెప్పుల టకటకల పక్కన మరో శబ్దం మాత్రమే. బెంగళూరు తెలుగువాళ్లకు దీని పోలిక ఊళ్లోనే ఉంది. సింగీతం శ్రీనివాసరావు 1987లో ఒక్క మాటా లేకుండా తీసిన ‘పుష్పక విమానం’ ఈ ఊళ్లోనే, విండ్సర్ మేనర్ హోటల్లో, ఈ రోడ్ల మీదే తయారైంది. తమిళంలో ఒక పేరు, తెలుగులో ఒక పేరు, హిందీలో ఒక పేరు, సినిమా మాత్రం ఒకటే. మన హాస్యంలో గొప్ప భాగం మాట విరుపులో, యాసలో, సామెతలో ఉంటుంది. జంధ్యాల రాతను ఇంకో భాషలోకి మార్చబోతే సగం చేజారిపోతుంది. అందుకే మాట మీద ఆధారపడని హాస్యాన్ని ఇంత శ్రద్ధగా కట్టిన మనిషిని చూస్తే మనకి కొత్తగా అనిపిస్తుంది. ఈ పెట్టెలో ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ ఒక్కటే ఉన్నాయి, తెలుగు లేదు. వేరే ఏ ఫ్రెంచి దర్శకుడి పెట్టె అయినా ఇది పెద్ద లోటే. ఇక్కడ ఇంగ్లీషు చదవలేని పెద్దవాళ్లు కూడా హాయిగా కూర్చోవచ్చు.

నమ్మకం కుదరకపోతే ‘ఉలోగారి సెలవులు’ మొదటి అయిదు నిమిషాలు వేసి చూపించండి. రైల్వే స్టేషన్. మైకులో ఏదో ప్రకటన, ఒక్క ముక్కా అర్థం కాదు. సామాన్లు మోసుకుని జనమంతా ఒక ప్లాట్‌ఫారం నుంచి ఇంకో ప్లాట్‌ఫారానికి పరుగు. రైలు మరో పట్టాల మీద వస్తుంది. మళ్లీ మెట్లు దిగి, మళ్లీ ఎక్కడం. యశ్వంతపురంలో చివరి నిమిషంలో ప్లాట్‌ఫారం మారిన రైలు పట్టుకున్న మనిషికి దీనికి అనువాదం ఎందుకు? ఆ మైకు గొంతు ఫ్రెంచిలోనూ అర్థం కాదు. ఫ్రెంచివాడికీ మనకీ అక్కడ ఒకే హోదా.

ఈ సినిమా బ్రిటనీకి దగ్గర్లో సాన్ మార్క్ సుర్ మేర్ అనే సముద్రతీరంలో తీశారు. హోటల్ భోజనాల గది తలుపు తెరుచుకున్నప్పుడల్లా ‘ప్లక్’ అని తీగె తెగినట్టు ఒక శబ్దం వస్తుంది. మూడోసారికి ఆ శబ్దం కోసం ఎదురుచూస్తాం, అయిదోసారికి తలుపు కదలకముందే నవ్వుతాం. శబ్దానికి ఒక పాత్ర ఇచ్చి, దానికి ప్రవేశాలు, నిష్క్రమణలు రాసినట్టుంటుంది. డిస్కులో 1953 నాటి కూర్పూ, తాతీ తర్వాత సరిదిద్దిన 1978 కూర్పూ రెండూ పెట్టారు. రెండోది కాస్త పొట్టిది, బిగువైనది. మడత పడిపోయిన పడవ సొరచేప నోరులా కనిపించి జనం పారిపోయే చోటు 1978లో కలిపిందే. మొదటిసారికి 1978దే వేయండి.

‘మొన్ ఓంక్ల్’ అంటే ‘మా మావయ్య’. ఫ్రెంచి మాటకి, ఇంగ్లీషు మాటకి తేడా తెలియదు గానీ మన మాటకి తెలుసు: ఉలో ఇందులోని పిల్లవాడికి మేనమామ. అక్కాబావలు ప్లాస్టిక్ గొట్టాల ఫ్యాక్టరీ డబ్బుతో కట్టిన కొత్త ఇంట్లో పిల్లవాడికి ఊపిరాడదు. మేనమామ వస్తేనే మోపెడ్ ఎక్కి వీధులు తిరగడం, నూనె కారే చిరుతిళ్లు తినడం. మేనల్లుడి మీద హక్కున్నట్టు వచ్చి వాణ్ణి తీసుకుపోయే మావయ్యను తెలుగిల్లు వెంటనే గుర్తుపడుతుంది. ఆ కొత్త ఇల్లు నీస్ నగరంలోని స్టూడియోలో కట్టిన సెట్టు. వాకిట్లో నోట్లోంచి నీళ్లు చిమ్మే లోహపు చేప ఉంటుంది. గేటు గంట మోగగానే ఇంటావిడ స్విచ్చి నొక్కుతుంది. వచ్చింది సొంత తమ్ముడో కూరగాయలవాడో అయితే చేప ఆగిపోతుంది. అతిథి హోదాను బట్టి నీళ్లు! బెంగళూరు గేటెడ్ కమ్యూనిటీల్లో నమూనా ఇల్లు చూసొచ్చిన ఏ కుటుంబానికైనా ఈ చేప చాలా దగ్గర మనిషి. 1958లో కాన్ ఉత్సవంలో జ్యూరీ ప్రత్యేక బహుమతి, మరుసటేడు విదేశీ చిత్రానికి ఆస్కార్ దీనికే వచ్చాయి. తాతీ ఇంగ్లీషులో విడిగా తయారుచేసిన ‘మై అంకుల్’ కూర్పు కూడా డిస్కులో ఉంది. పిల్లలకి అదే తేలిక. ఇంటిల్లిపాదీ కలిసి చూసే మొదటి సినిమా ఏదంటే నేను దీన్నే చెప్తాను.

ఇక ‘ప్లేటైమ్’. పెట్టె ఖరీదంతా దీని ఒక్కదానికే ఇచ్చినా నష్టం లేదు. పారిస్ శివార్లలో గాజు, ఉక్కు భవనాలతో ఒక చిన్న ఊరునే కట్టించి, దానికి సొంత విద్యుత్ కేంద్రం పెట్టుకుని, 1964 నుంచి 1967 దాకా తీసిన సినిమా. జనం ఆ సెట్టును ‘తాతీవిల్’ అన్నారు. 70 ఎంఎంలో తీశాడు, దగ్గరి షాట్లు దాదాపు లేవు. అప్పులు తీరక, తన పాత సినిమాల హక్కులు కూడా తాతీ చేజారాయి. మొదట విడుదలైన పొడవైన కూర్పు ఇప్పుడు దొరకదు. ఈ డిస్కులో ఉన్నది 124 నిమిషాలది.

ఇందులో ఏ మూల చూడాలో కెమెరా చెప్పదు. అందరూ తడబడేది ఇక్కడే. మామూలు హాస్య చిత్రంలో జోకు తెర మధ్యకొచ్చి నిలబడుతుంది, ఇక్కడ అయిదారు ఒకేసారి వేర్వేరు మూలల్లో నడుస్తాయి. ఒకదాన్ని చూస్తే ఇంకోటి పోతుంది. అరగంట గడిచాక ‘ఏమీ జరగడం లేదు’ అని లేచిపోయేవాళ్లది సినిమా మీద కోపం కాదు, ఎక్కడ చూడాలో తెలియని అలసట. దానికి మందు శబ్దం. ఏ దిక్కు నుంచి చప్పుడొస్తే కన్ను అటు వెళ్లాలి. తాతీ కెమెరా చేసే పనిని చెవికి అప్పగించాడు. పొడుగాటి నడవాలో అధికారి ఒకడు నడిచి వస్తుంటాడు. అడుగుల చప్పుడు దగ్గరవుతూనే ఉంటుంది, మనిషి మాత్రం ఎంతకీ చేరడు. అవతల ఉలో కూర్చోబోతూ లేవబోతూ ఉంటాడు. మాన్యత టెక్ పార్కులోనో వైట్‌ఫీల్డులోనో గాజు లాబీలో విజిటర్ పాస్ మెడలో వేసుకుని ఎదురుచూసినవాళ్లకి ఆ నడవా పొడవు కొలిచి చెప్పక్కర్లేదు. ట్రావెల్ ఏజెన్సీలో గోడ మీద దేశదేశాల పోస్టర్లుంటాయి, అన్నిట్లోనూ ఒకే గాజు భవనం. అవుటర్ రింగ్ రోడ్డు మీద బస్సులో వెళ్తూ చూస్తే ఆ పోస్టరు మన ఊరిది కూడా.

రాయల్ గార్డెన్ రెస్టారెంటు ఘట్టం దాదాపు ముప్పావుగంట ఉంటుంది. పని పూర్తికాకముందే తెరిచిన హోటల్. నేల పెంకులు చెప్పులకంటుకుంటాయి, కుర్చీల వెనక ఉన్న కిరీటం గుర్తు అతిథుల వీపుల మీద అచ్చుపడుతుంది. ఒకే చేపకి ఒకరి తర్వాత ఒకరు వడ్డనవాళ్లొచ్చి మళ్లీ మళ్లీ మసాలా చల్లుతారు, తినాల్సినవాళ్లు ఈలోగా వేరే బల్లకి మారిపోతారు. గాజు తలుపు పగిలిపోతే కాపలావాడు చేతిలో మిగిలిన పిడినే పట్టుకుని, లేని తలుపును తెరుస్తూ మూస్తూ అందర్నీ మర్యాదగా లోపలికి పంపుతాడు. అతిథులూ అంతే మర్యాదగా లోపలికొస్తారు. దీన్ని ఒక్కసారి చూసి ఊరుకోకూడదు. రెండోసారి ఎడమ వైపు బల్లల్ని, మూడోసారి వెనకాల వంటగది దారిని చూడండి. దూరంగా కదలకుండా నిలబడ్డ కొందరు మనుషులు కారు, నిలువెత్తు ఫొటో అట్టలు. అవి ఎక్కడున్నాయో పసిగట్టే ఆట పిల్లలకి అప్పగించవచ్చు.

టీవీ సర్దుకోవడంలో జరిగే పొరపాట్లు ఈ సినిమాకే ఎక్కువ దెబ్బ. సౌండ్‌బార్‌లో ‘క్లియర్ వాయిస్’ లాంటిది ఏదున్నా ఆపేయండి. మాటల్ని పైకి లేపి మిగతా చప్పుళ్లని అణచడం దాని పని, తాతీ చేసింది సరిగ్గా దానికి తలకిందులు. రాత్రిపూట మోడ్ కూడా వద్దు, అది చిన్న శబ్దాన్నీ పెద్ద శబ్దాన్నీ ఒక మట్టానికి తెస్తుంది. టీవీలో కదలికను నున్నగా చేసే సెట్టింగ్ ఆపితే సినిమా సినిమాలా ఉంటుంది. ‘ప్లేటైమ్’ తప్ప మిగతా అయిదూ దాదాపు చదరంగా ఉండే పాత కొలత. రెండు పక్కలా నల్ల పట్టీలు ఉండాల్సిందే. తెర నిండట్లేదని సాగదీస్తే ఉలో సన్నటి పొడుగు ఒళ్లు పొట్టిగా అవుతుంది, నడకలోని హాస్యం సగం పోతుంది. కూర్చునే దూరమూ ముఖ్యమే. 55 అంగుళాల టీవీకి అయిదున్నర అడుగులు సరిపోతాయి. పది అడుగుల అవతల సోఫాలో కూర్చుంటే రెస్టారెంటులో సగం మంది చీమలు. ఫోన్‌లో చూడటం డబ్బు, సమయం రెండూ దండగ. సబ్‌టైటిల్స్ మొదటిసారి ఉంచి, రెండోసారి తీసేయండి. కింద అక్షరాల దగ్గరికి దిగిన కన్ను మళ్లీ పైకెళ్లేలోపు ఒక జోకు దాటిపోతుంది. ఇందులో ఇంగ్లీషు మాటలు రాసింది అమెరికా హాస్య రచయిత ఆర్ట్ బుక్‌వాల్డ్. అంతర్జాతీయ విడుదల కోసం చేసిన సౌండ్‌ట్రాక్ కూడా విడిగా ఉంది.

‘జూర్ ద ఫెత్’ పల్లెటూరి పోస్ట్‌మ్యాన్ కథ. అమెరికా తపాలా వేగం గురించి డేరాలో సినిమా చూసి, తన సైకిల్ మీద అదే వేగం సాధించబోతాడు. తాతీ దీన్ని థామ్సన్‌కలర్ అనే కొత్త రంగుల పద్ధతిలో తీశాడు, జాగ్రత్త కోసం పక్కనే నలుపు-తెలుపు కెమెరా కూడా పెట్టాడు. ఆ రంగుల రీళ్ల నుంచి ప్రింట్లు తీయడం అప్పట్లో కుదరలేదు. అందుకే 1949లో నలుపు-తెలుపులోనే విడుదలైంది. ఆయన కూతురు సోఫీ చొరవతో 1995లో అసలు రంగులు తెర మీదికొచ్చాయి. తాతీ 1964లో అక్కడక్కడా రంగులద్ది చేసిన కూర్పుతో కలిపి మూడూ ఈ పెట్టెలో ఉన్నాయి. 1995ది వెలిసిన పోస్టుకార్డులా లేతగా ఉంటుంది. టీవీ రంగులు పెంచి దాన్ని ‘బాగుచేయొద్దు’, అసలు దాని రంగే అది. చూడటానికి 1949ది, పోల్చుకోవడానికి 1995ది.

‘ట్రాఫిక్’ మిగతావాటంత బిగువుగా లేదు. పారిస్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్ ఆటో ప్రదర్శనకి ఒక క్యాంపింగ్ కారును తీసుకెళ్లే ప్రయాణం. మధ్యలో సాగుతుంది. అయినా వానలో ఒక్కో కారు వైపరు తన యజమాని ఒంటి తీరులోనే కదిలే చోటు ఒక్కటి చాలు. సిల్క్ బోర్డు సిగ్నల్ దగ్గర పక్క కార్ల వైపరు చూసినప్పుడల్లా అది గుర్తొస్తుంది. ‘పరేడ్’ సర్కస్ వేదిక మీద స్వీడన్ టీవీ కోసం చేసింది, చాలా భాగం వీడియోలో తీశారు. బొమ్మ మెత్తగా ఉంటే డిస్కు లోపం కాదు. అందులో తాతీ ఒంటరిగా టెన్నిస్ ఆటగాణ్ణి, గుర్రపు రౌతును అభినయించే భాగాలు చూసి మిగతాది తర్వాతకి ఉంచుకోవచ్చు.

అదనపు సరుకులో తాతీ మీద పరిశోధన చేసిన స్తెఫాన్ గూదే వ్యాఖ్యాన చిత్రాలు, సోఫీ తీసిన ‘ఇన్ ద ఫుట్‌స్టెప్స్ ఆఫ్ మొస్యే ఉలో’ విలువైనవి. బ్రిటిష్ హాస్యనటుడు టెర్రీ జోన్స్ ముందుమాటలు సినిమా అయ్యాకే చూడండి, కొన్ని జోకులు ముందే చెప్పేస్తారు.

మాటకి మాట తగిలించే వేగమైన హాస్యం ఇష్టమైతే ఈ పెట్టె మీకు కాదు, ద ఫ్యునేస్ సినిమాలతో మొదలుపెట్టండి. కొనేముందు రుచి చూడాలంటే వసంత్‌నగర్ తిమ్మయ్య రోడ్డులోని ఫ్రెంచి భాషా సంస్కృతుల కేంద్రం అలియాన్స్ ఫ్రాన్సేజ్ లైబ్రరీలో ఫ్రెంచి డిస్కులేమున్నాయో అడగండి. సభ్యులైతే ‘కల్చర్‌తెక్’ డిజిటల్ లైబ్రరీ కూడా వాడుకోవచ్చు. కొనాలని తేల్చుకుంటే జూలైలోనో నవంబరులోనో చూడండి. క్రైటీరియన్ డిస్కులు అమెరికాలో సగం ధరకు దొరికే నెలలు అవే. కొరియర్‌లో తెప్పిస్తే కస్టమ్స్ సుంకం విడిగా కట్టాలి, కాబట్టి వచ్చే బంధువుల సామానులో చోటడగడం మేలు.

వరస విషయం: ‘మొన్ ఓంక్ల్’, తర్వాత ‘ఉలోగారి సెలవులు’, ‘జూర్ ద ఫెత్’, ఆ పైన ‘ప్లేటైమ్’. అది అయిన రాత్రే లఘుచిత్రాల డిస్కు తీసి ‘కూర్ దు స్వార్’ వేయండి. దాన్ని అదే తాతీవిల్ సెట్టులో తీశారు. అందులో తాతీ కొందరికి మెట్ల దగ్గర తడబడటం ఎలాగో పాఠం చెప్తాడు. అడుగు ఎన్నో మెట్టుకి తగలాలో, ఒళ్లు ఎటు వాలాలో చేసి చూపిస్తాడు.